కుక్కకు ఆపరేషన్ ఏ వయసులో చేయించాలి?

మహదేవపూర్ ప్రాంతంలో కుక్కను ముచ్చటకే పెంచుకునేవాళ్లు తక్కువ. ఒక పక్క గోదావరి, మరో పక్క అడవి, నడుమ పత్తి, మిర్చి, వరి చేలు. రాత్రిపూట అడవిపందులు చేను మీద పడకుండా, మేకల మంద చెదిరిపోకుండా చూసేది కుక్కే. అందుకే ఎక్కడైనా బలమైన పిల్ల కనిపిస్తే తెచ్చి పెంచుకుంటారు. దానికి ఆరేడు నెలలు వచ్చేసరికి ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఆడదైతే పిల్లలు పెడుతుంది, వాటిని ఎవరు సాకాలి? మగదైతే ఇల్లు పట్టకుండా తిరుగుతుంది, కొట్లాడి గాయాలతో వస్తుంది. ఆపరేషన్ చేయిద్దామంటే ఎప్పుడు?

ఈ ప్రశ్నకు మూడు రకాల జవాబులు వినిపిస్తాయి. ఆరు నెలలకు చేయించేయమని ఒకరు, ఏడాదిన్నర దాకా ఆగమని ఇంకొకరు, ఒక్క ఈతైనా కానివ్వమని మరొకరు. మొదటి రెండు మాటల్లోనూ నిజం ఉంది, కానీ అవి రెండు వేర్వేరు రకాల కుక్కలకు వర్తిస్తాయి. మూడో మాటకు వైద్యపరమైన ఆధారం లేదు. ఒకసారి పిల్లలు పెట్టడం వల్ల ఆడకుక్క ఆరోగ్యానికి వచ్చే మేలేమీ లేదు. కాబట్టి మొదటి రెండు మాటల్లో మన కుక్కకు ఏది సరిపోతుందో తేల్చుకుంటే చాలు. ఆ తేడా చూపించేవి మూడు: కుక్క బరువు, ఆడదా మగదా అన్నది, అది కట్టేసి ఉంటుందా విడిగా తిరుగుతుందా అన్నది.

ఆపరేషన్‌లో జరిగేది ఏమిటి?

ఆడకుక్కకు పూర్తి మత్తు ఇచ్చి, పొట్ట కింద గానీ పక్క డొక్కలో గానీ చిన్న కోత పెట్టి, రెండు అండాశయాలనూ గర్భసంచినీ తీసేస్తారు. మగకుక్కకు వృషణాలు రెండూ తీసేస్తారు. మనుషుల్లో చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కూ దీనికీ పెద్ద తేడా ఉంది. మనుషుల్లో నాళాన్ని మాత్రమే కత్తిరించి ముడివేస్తారు, హార్మోన్లు మామూలుగానే తయారవుతాయి. కుక్కలో హార్మోన్లు తయారయ్యే చోటునే తీసేస్తారు. ఎద ఆగిపోవడం, తిరుగుడు తగ్గడం, కొన్ని జబ్బులు రాకపోవడం దానివల్లే. తొందరపడి చేయిస్తే కొన్ని కుక్కలకు కీళ్ల నొప్పులు రావడానికి కారణమూ అదే. వయసు గురించి ఇంత చర్చ ఎందుకో ఇక్కడే అర్థమవుతుంది.

ఆగమని చెప్పేవాళ్ల లెక్క

పెరిగే వయసులో కాళ్ల ఎముకల చివర్లలో మెత్తని పట్టీలు ఉంటాయి. ఎముక పొడవు పెరిగేది వాటి దగ్గరే. వయసుకు వచ్చాక ఈస్ట్రోజెన్, టెస్టోస్టిరాన్ హార్మోన్లు ఆ పట్టీలను గట్టిపడేలా చేసి పెరుగుదలను ఆపుతాయి. ముందే ఆపరేషన్ చేస్తే ఆ ఆపే సంకేతం ఆలస్యంగా అందుతుంది. ఎముకలు ఉండాల్సిన దానికంటే కొద్దిగా పొడవు పెరుగుతాయి, కీలు అమరిక మారుతుంది. తేలికపాటి కుక్కకు దీనితో ఇబ్బంది రాదు. బరువైన కుక్కకు మాత్రం తుంటి కీలు, మోకాలి మీద భారం పడుతుంది.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో బెంజమిన్ హార్ట్, లినెట్ హార్ట్ బృందం ఈ విషయాన్ని ఏళ్ల తరబడి పరిశీలించింది. 2013లో వాళ్లు 759 గోల్డెన్ రిట్రీవర్ల వైద్య రికార్డులు చూశారు. ఏడాది నిండకముందే ఆపరేషన్ అయిన మగవాటిలో 10 శాతానికి తుంటి కీలు జబ్బు వచ్చింది. ఆపరేషన్ చేయని మగవాటితో పోలిస్తే ఇది రెట్టింపు. మోకాలి లోపలి బంధనం తెగిపోవడం ఆపరేషన్ చేయనివాటిలో ఒక్కదానిలోనూ కనపడలేదు, ముందే చేసినవాటిలో మగవి 5 శాతం, ఆడవి 8 శాతం ఆ బాధ పడ్డాయి. జర్మన్ షెపర్డ్‌లలోనూ ఏడాదిలోపు ఆపరేషన్ కీళ్ల జబ్బులను బాగా పెంచినట్టు 2016లో తేలింది. ఆడ జర్మన్ షెపర్డ్‌లలో కొన్నింటికి తెలియకుండానే మూత్రం కారే సమస్య కూడా వచ్చింది.

అదే బృందం 2020లో 35 జాతులను పరిశీలించినప్పుడు మరో సంగతి బయటపడింది. చిన్న జాతుల్లో ముందే ఆపరేషన్ చేసినా కీళ్ల జబ్బులు పెరగలేదు. మనకు మరింత అవసరమైనది అదే ఏడాది సంకర జాతి కుక్కల మీద వచ్చిన అధ్యయనం. ఏ జాతో తెలియని కుక్కకు బరువే కొలత అని అది చెప్పింది. పెద్దయ్యాక 20 కిలోలు దాటే కుక్కలకు ఏడాదిలోపు ఆపరేషన్ చేస్తే కీళ్ల జబ్బుల ముప్పు పెరిగింది. 20 కిలోల లోపు కుక్కల్లో ఆ పెరుగుదల కనిపించలేదు.

మన ఊళ్లలో తిరిగే నాటు కుక్క సన్నగా, నిటారుగా, చురుగ్గా ఉంటుంది. ఆడది సాధారణంగా 20 కిలోలు దాటదు. కాబట్టి లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌ల గురించి వచ్చిన హెచ్చరికలను నాటు కుక్కకు అంటగట్టి ఏడాదిన్నర ఆగాల్సిన పని లేదు.

తొందరగా చేయించమనేవాళ్ల లెక్క

ఆడకుక్కలకు వచ్చే గడ్డల్లో పొదుగు గడ్డలు చాలా ఎక్కువ. వాటిలో దాదాపు సగం క్యాన్సర్‌గా తేలతాయి. 1969లో ష్నైడర్ అనే శాస్త్రవేత్త బృందం ఇచ్చిన లెక్కను ఇప్పటికీ పశువైద్యులు చెబుతుంటారు. మొదటి ఎదకు ముందే ఆపరేషన్ అయితే ముప్పు 0.5 శాతం, ఒక ఎద తర్వాత అయితే 8 శాతం, రెండు ఎదల తర్వాత 26 శాతం. ఈ అంకెలను చాలామంది తప్పుగా చదువుతారు. వంద కుక్కల్లో 26కు క్యాన్సర్ వస్తుందని దీని అర్థం కాదు. ఆపరేషన్ చేయని కుక్కకు ఉన్న ముప్పును 100 అనుకుంటే, అందులో 26 వంతులు మిగులుతుందని అర్థం. ఆ తర్వాత 2012లో పాత అధ్యయనాలన్నింటినీ మళ్లీ తూచి చూసినవాళ్లు, ఆధారాలు అనుకున్నంత బలంగా లేవని చెప్పారు. అయినా ముందు చేయిస్తే మేలు అన్న దిశ మాత్రం మారలేదు.

రెండో ముప్పు గర్భసంచిలో చీము పట్టడం. దీన్ని పయోమెట్రా అంటారు. ఎద ముగిసిన నెలా రెండు నెలలకు వస్తుంది. కుక్క తిండి మానేస్తుంది, నీళ్లు విపరీతంగా తాగుతుంది, పొట్ట ఉబ్బుతుంది, కొన్నింటికి వెనక నుంచి దుర్వాసనతో చీము కారుతుంది. సమయానికి ఆపరేషన్ చేయకపోతే చనిపోతుంది. స్వీడన్‌లో ఆడకుక్కలకు ఆపరేషన్ చేయించే అలవాటు తక్కువ. అక్కడి బీమా రికార్డులు చూస్తే, పదేళ్లు వచ్చేలోపు ఇంచుమించు నాలుగో వంతు ఆడకుక్కలకు ఈ జబ్బు వచ్చింది. గర్భసంచి, అండాశయాలు తీసేసిన కుక్కకు ఈ భయం ఉండదు. అందుకే ఏడెనిమిదేళ్ల కుక్కకైనా, ఒళ్లు బాగుంటే, ఆపరేషన్ చేయించడం వృథా కాదు.

మన ఊళ్లలో ఇంకో జబ్బు కూడా కనిపిస్తుంది. కుక్క మూత్రం పోసే చోట కాలీఫ్లవర్ పువ్వులా ఎర్రటి కండ పెరిగి రక్తం కారుతూ ఉంటుంది. ఇది జత కట్టినప్పుడు ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకునే గడ్డ. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లు వారానికొకటి చొప్పున కొన్ని వారాలు ఇప్పిస్తే చాలా కుక్కలకు నయమవుతుంది. జత కట్టని కుక్కకు ఇది వచ్చే అవకాశం చాలా తక్కువ.

చిత్త కార్తె చెప్పే లెక్క

ఇంట్లో కట్టేసి పెంచే విదేశీ జాతి కుక్కలు ఏడాదిలో ఏ నెలలోనైనా ఎదకు రావచ్చు. నాటు కుక్కలు ఎక్కువగా ఒక కాలానికి కట్టుబడి ఉంటాయి. ఈ సంగతి మన రైతులకు తరతరాలుగా తెలుసు. చిత్త కార్తె అంటే కుక్కలు గుంపులు కట్టే కాలమని తెలుగునాట అందరూ చెప్పుకునే మాట. ఆ కార్తె అక్టోబరు 10, 11 తేదీల్లో వచ్చి సుమారు రెండు వారాలు ఉంటుంది. జైపూర్‌లో వీధికుక్కల ఆపరేషన్ల రికార్డులు ఆధారంగా 2002లో వచ్చిన అధ్యయనం కూడా, వానాకాలం చివరి నుంచి చలికాలం మొదలయ్యే దాకానే ఎద, చూళ్లు ఎక్కువని చూపింది. కొన్ని కుక్కలు ఎండాకాలానికి ముందు కూడా ఎదకు వస్తాయి. అయినా పెద్ద వరుస మాత్రం చిత్త కార్తెదే.

ఇప్పుడు లెక్క వేద్దాం. కుక్క గర్భం సుమారు 63 రోజులు. అక్టోబరు మధ్యలో కడితే డిసెంబరు మధ్యలో పిల్లలు పెడుతుంది. ఆ పిల్లలకు జూన్ మధ్యలో, అంటే మృగశిర కార్తెలో, ఆరు నెలలు నిండుతాయి. మళ్లీ చిత్త కార్తె వచ్చేసరికి వాటికి పది నెలలు. నాటు ఆడకుక్క మొదటిసారి ఎదకు వచ్చే వయసు దాదాపు అదే. అంటే మృగశిర నుంచి హస్త కార్తె దాకా, జూన్ నుంచి సెప్టెంబరు దాకా, మనకు నాలుగు నెలల వ్యవధి దొరుకుతుంది. కుక్క శరీరం మత్తును తట్టుకునేంత ఎదిగి ఉంటుంది, ఇంకా ఎదకు రాలేదు. నాటు ఆడకుక్కకు సరైన వయసు ఈ ఆరు నుంచి తొమ్మిది నెలలే.

ఈ వ్యవధిలోనే ఒక మంచి వీలు కూడా ఉంది. జులై 6న ప్రపంచ జూనోసిస్ దినోత్సవం. పునర్వసు కార్తె మొదలయ్యే రోజుల్లో వచ్చే ఈ సందర్భంలో పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. టీకాకు తీసుకెళ్లిన రోజే డాక్టరు గారితో ఆపరేషన్ మాట మాట్లాడి తేదీ అనుకుంటే, చిత్త కార్తె దాకా మూడు నెలల గడువు ఉంటుంది.

గడువు దాటి ఎద మొదలైతే కంగారుపడి అప్పుడే కోయించకూడదు. ఎదలో గర్భసంచికి రక్తం ఎక్కువగా చేరి నాళాలు ఉబ్బి ఉంటాయి, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఎద సుమారు మూడు వారాలు ఉంటుంది. ఆ రోజుల్లో కుక్కను ఇంట్లో గట్టిగా కట్టడి చేసి, ఎద అయిపోయాక రెండు మూడు నెలలు ఆగి చేయించాలి. ఇప్పటికే పిల్లలు పెట్టిన తల్లికైతే, పిల్లలు పాలు మాని, పొదుగు ఆరిపోయాక చేయించవచ్చు. డిసెంబరులో ఈనిన తల్లికి ఆ సమయం ఫిబ్రవరి చివర, మార్చిలో వస్తుంది.

పిల్లలు కాకుండా ఆపే ఇంజెక్షన్ ఒకటి వేయిస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. ఎదను ఆపే ఆ హార్మోన్ మందు గర్భసంచిలో చీము పట్టే ముప్పును పెంచుతుంది. ఆపరేషన్ ఖర్చు తప్పించుకోవడానికి ఈ దారి పట్టకండి.

పుట్టిన తేదీ తెలియకపోతే

వీధిలో దొరికిన పిల్లకు వయసు ఎవరు చెప్పాలి? నోరు తెరిచి చూస్తే అదే చెబుతుంది. నాలుగో నెలలో ముందరి పాలపళ్లు ఊడడం మొదలవుతుంది. ఐదారు నెలల మధ్య సూదుల్లా ఉండే పాల కోరలు పోయి, లావుగా ఉండే అసలు కోరలు వస్తాయి. కొన్నాళ్లు పాత కోర, కొత్త కోర పక్కపక్కనే కనపడతాయి. నాలుగు అసలు కోరలూ పూర్తిగా దిగి, తెల్లగా అరగకుండా ఉంటే కుక్కకు ఆరేడు నెలలు ఉంటాయి. అప్పటికి మగపిల్లకు రెండు వృషణాలూ సంచిలోకి దిగి ఉండాలి. ఒకటి కనపడకపోతే అది పొట్టలోనో గజ్జల్లోనో ఆగిపోయిందని అర్థం. అలా లోపల ఉండిపోయినది పెద్దయ్యాక గడ్డగా మారే ముప్పు ఎక్కువ, దాన్ని తప్పనిసరిగా తీయించాలి.

మగకుక్కకు ఎంత తొందర?

మగకుక్కకు పొదుగు గడ్డలు, గర్భసంచి చీము లాంటి భయాలు లేవు కాబట్టి ఆడదానికి ఉన్నంత తొందర లేదు. నాటు మగకుక్కకు ఆరు నెలలు దాటాక ఎప్పుడైనా చేయించవచ్చు. అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన సూచన కూడా ఇదే తీరులో ఉంది. సుమారు 20 కిలోల లోపు మగవాటికి ఆరు నెలలకు, అంతకంటే పెద్దవాటికి ఎదుగుదల ఆగాక, అంటే 9 నుంచి 15 నెలల మధ్య. పెద్ద జాతి ఆడవాటికి 5 నుంచి 15 నెలల మధ్య, జాతినీ జీవనాన్నీ చూసి డాక్టరు నిర్ణయించాలని ఆ సంస్థ చెప్పింది. కట్టేసి పెంచే లాబ్రడార్, రాట్‌వీలర్, జర్మన్ షెపర్డ్‌లకు ఏడాది దాటాక, జర్మన్ షెపర్డ్‌కైతే రెండేళ్లకు దగ్గరగా చేయించడం కీళ్లకు మంచిది. కానీ ఆ కుక్క గేటు దాటి తిరిగేదైతే అన్నాళ్లు ఆగడం కుదరదు.

ఆపరేషన్ చేస్తే కాపలా కాయదని రైతులు భయపడతారు. ఆడకుక్కల కోసం ఊళ్లు తిరగడం, మూత్రంతో గుర్తులు పెట్టడం, సాటి మగవాటితో కొట్లాటలు తగ్గుతాయి. కొత్త మనిషిని చూసి మొరగడం, చేను దగ్గర అప్రమత్తంగా ఉండడం ఆ హార్మోను మీద ఆధారపడే పనులు కావు. చిత్త కార్తెలో వారం రోజులు కనిపించకుండా పోయే కుక్క, ఆపరేషన్ తర్వాత చేను దగ్గరే ఉంటుంది. అయితే భయంతో కరిచే కుక్క ఆపరేషన్‌తో మారుతుందని ఆశపడకూడదు. ఇంకో జాగ్రత్త: ఆపరేషన్ అయిన తర్వాత కూడా నెలా నెలన్నర దాకా మగకుక్క వల్ల చూలు నిలిచే అవకాశం ఉంటుంది.

ఆపరేషన్‌కు ముందు, తర్వాత

మన ప్రాంతంలో కుక్కలకు గోమార్లు పట్టడం మామూలు. అవి ఎర్లీషియా అనే జ్వరాన్ని తెస్తాయి. ఆ జ్వరంలో రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తగ్గిపోతాయి, పైకి కుక్క బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు. అలాంటి కుక్కను కోస్తే రక్తం ఆగదు. కాబట్టి ముందుగా గోమార్లకు మందు, నులిపురుగుల మందు, టీకాలు పూర్తిచేసి, వీలుంటే రక్తపరీక్ష చేయించి అప్పుడు బల్ల ఎక్కించాలి. ఎంతసేపు పస్తు ఉంచాలో వయసును బట్టి డాక్టరు గారు చెబుతారు, దాన్ని తప్పకుండా పాటించాలి.

ఇది పూర్తి మత్తుతో చేసే పని. పశువైద్య పట్టా ఉన్న డాక్టరే చేయాలి. గోపాలమిత్రనో, మందుల షాపు మనిషినో పిలిచి చేయించేది కాదు. కోడెల విత్తులు నొక్కే పనిముట్టును కుక్క మీద వాడడం హింస. మండల కేంద్రంలో వసతి లేకపోతే పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. వరంగల్ దగ్గర మామునూరులో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల ఉంది. మహదేవపూర్ నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం కాబట్టి, వాడలో నాలుగు ఇళ్లవాళ్లు కలిసి ఒకే బండిలో కుక్కలను తీసుకెళ్తే ఖర్చు కలిసొస్తుంది.

మనం ఎంచుకున్న నెలలు వానాకాలం కాబట్టి ఆపరేషన్ తర్వాత పది రోజుల నుంచి రెండు వారాల దాకా కుక్కను బురద లేని పొడి చోట ఉంచాలి. గాయం మీద ఈగలు వాలితే పురుగులు పడతాయి. కుట్లు నాకకుండా మెడకు ప్లాస్టిక్ కాలర్ గానీ, ఒంటికి పాత బనియన్ గానీ తొడగాలి. పసుపు, కిరసనాయిలు పూయకండి. నొప్పి తగ్గుతుందని మనుషుల పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ బిళ్లలు ఇవ్వకండి, అవి కుక్కలను చంపగలవు. గాయం వాచినా, రక్తం కారినా, కుక్క రెండో రోజు కూడా లేవకపోయినా వెంటనే డాక్టరుకు చూపించాలి. కోలుకున్నాక తిండి కొద్దిగా తగ్గించాలి. హార్మోన్లు తగ్గాక ఒంటికి అంత తిండి అవసరం ఉండదు. లావెక్కడం ఆపరేషన్ తప్పు కాదు, పాత కొలతలోనే పెట్టడం వల్ల జరుగుతుంది.

ఇంటి కుక్క, వీధి కుక్క

2023 మార్చిలో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్, రేబిస్ టీకా చేయించే బాధ్యత స్థానిక సంస్థలది. ఆపరేషన్ అయినట్టు చెవికి చిన్న కోత పెడతారు. మన దేశంలో ఈ పద్ధతికి చెన్నైలోని బ్లూ క్రాస్ సంస్థ 1960లలోనే దారి చూపింది. 1990ల నుంచి హైదరాబాద్‌లో అక్కినేని అమల స్థాపించిన బ్లూ క్రాస్, విశాఖపట్నంలో వి.ఎస్.పి.సి.ఎ. సంస్థ తెలుగు నగరాల్లో జంతువుల కోసం పనిచేస్తున్నాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఆపరేషన్, టీకా అయిన కుక్కలను తెచ్చిన చోటే వదలాలని, రేబిస్ సోకినవాటిని, మనుషుల మీద పడేవాటిని మాత్రం వదలకూడదని చెప్పింది. ఆ ఏడాది నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల లాంటి చోట్ల నుంచి తీసిన కుక్కలను మళ్లీ అక్కడ వదలొద్దని ఆదేశించింది.

వీధికుక్కల వల్ల పెద్ద విషాదాలు కూడా జరిగాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును, అదే ఏడాది మే నెలలో కాజీపేటలో ఎనిమిదేళ్ల బాబును వీధికుక్కలు చంపేశాయి. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో 36 శాతం మన దేశంలోనే జరుగుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల ప్రాణాల గురించి తల్లిదండ్రుల భయం న్యాయమైనది. దానికి విషం పెట్టడం జవాబు కాదు. అది నేరం, పైగా ఖాళీ అయిన చోటుకు టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి.

వీధికుక్క ఆకాశం నుంచి ఊడిపడదు. మన ఇంటి ఆడకుక్క పెట్టిన పిల్లల్లో ఎవరూ తీసుకోనివే ఊరి చివర, సంత దగ్గర, కాళేశ్వరం దారిలో వదిలేయబడి వీధికుక్కలవుతాయి. అడవి అంచున బతికే మనకు ఇంకో బాధ్యత కూడా ఉంది. యజమాని లేని కుక్కలు గుంపుగా చేరితే దుప్పులను తరుముతాయి, డిస్టెంపర్ లాంటి రోగాలను అడవి జంతువులకు అంటిస్తాయి.

కాబట్టి తేల్చి చెప్పదగిన మాట ఇది. విడిగా తిరిగే నాటు ఆడకుక్కకు ఆరు నెలలు నిండాక, మొదటి చిత్త కార్తె రాకముందే చేయించండి. నాటు మగకుక్కకు ఆరు నెలలు దాటాక వీలున్నప్పుడు చేయించండి. కట్టేసి పెంచే పెద్ద జాతి కుక్కకు ఎదుగుదల పూర్తయ్యాక, డాక్టరు గారిని అడిగి చేయించండి. ఊళ్లో అన్ని కుక్కలకూ ఒకేసారి చేయించే స్తోమత లేకపోతే ముందు ఆడవాటితో మొదలుపెట్టండి. మీ గ్రామ పంచాయతీ సమావేశంలో ఈ విషయం ఎత్తండి, జూన్ నెలలోనే ఆపరేషన్ శిబిరం పెట్టమని పశుసంవర్ధక శాఖను అడగండి. అక్టోబరు వచ్చాక అడిగితే ఆ ఏడాదికి ఆలస్యమైనట్టే.